చెమట కంపు వదలని బట్టలను నానబెట్టి శుభ్రపరచడం ఎలా?

ఉతికి ఎండలో ఆరవేసిన చొక్కా దండెం మీద ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ఇస్త్రీ పెట్టె చంక భాగానికి ఆనగానే పాత చెమట కంపు గుప్పుమంటుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మార్చి నుంచి జూన్ వరకు ఇది చాలా ఇళ్లలో ఎదురయ్యే ఇబ్బందే. ఇలాంటి బట్టకు మరో గుప్పెడు సబ్బుపొడి వేసి, చివర కాస్త సువాసన ద్రవం కలిపితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు గాని, ఆ రెండూ సరిగా జాడించకపోతే నూలుపోగుల్లోనే నిలిచిపోయి కంపును మరింత పట్టి ఉంచుతాయి. తగిన నీటిలో, తగిన వేడిలో, తగినంతసేపు నానబెట్టడమే దీనికి అసలైన మందు. ఎక్కువసేపు నానబెట్టడం మాత్రం కాదు.

చేసే పని అర్థం కావాలంటే కంపు ఎక్కడి నుంచి వస్తుందో ముందు తెలుసుకోవాలి. ఒళ్లంతా పట్టే చెమటలో ప్రధానంగా ఉండేవి నీరు, ఉప్పు. వాటికి చెప్పుకోదగిన వాసన ఉండదు, మామూలు ఉతుకుతోనే పోతాయి. చంకల్లో ఉండే మరో రకం గ్రంథుల నుంచి వచ్చే చెమటలో కొవ్వు పదార్థాలు, మాంసకృత్తులు కూడా ఉంటాయి. చర్మం మీద నివసించే బ్యాక్టీరియా వీటిని విడగొట్టినప్పుడు పుట్టే ఆమ్లాలు, గంధకపు సమ్మేళనాలే మన ముక్కుకు కంపుగా తగులుతాయి. నూలు బట్ట నీటిని పీల్చుకుంటుంది, ఉతికితే మళ్లీ వదిలేస్తుంది. పాలిస్టరు నీటిని పెద్దగా పీల్చదు గాని జిడ్డును మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 26 మందితో సైకిలు వ్యాయామం చేయించి, వారు తొడుక్కున్న టీషర్టులను మరునాడు పరీక్షించి, 2014లో ఫలితాలను ప్రచురించారు. పాలిస్టరు టీషర్టుల కంపు నూలు వాటికంటే ఘాటుగా ఉందనీ, మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా పాలిస్టరు మీద బాగా పెరిగిందనీ అందులో తేలింది. రోజంతా పాలిస్టరు యూనిఫారంతో శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చేవారికి ఈ సంగతి పరిశోధన లేకుండానే తెలుసు.

కాబట్టి మనం వదిలించవలసింది చెమట నీటిని కాదు, పోగులను అంటిపెట్టుకున్న జిడ్డు పొరను. మీ దగ్గర పాత బనియను ఉంటే చంక దగ్గర రెండు వేళ్లతో నులిమి చూడండి. మిగిలిన బట్ట మెత్తగా ఉన్నా ఆ చోట మాత్రం మైనం పూసినట్టు బిరుసుగా తగులుతుంది. కంపు కాపురముండేది ఆ బిరుసులోనే. చెమట, సబ్బు మడ్డి, నీటిలోని సున్నపు లవణాలు కలిసి పేరుకుంటే అలా తయారవుతుంది.

ముందు నీటిని పరీక్షించండి

మూత ఉన్న గాజు సీసాలో సగం వరకు మీ ఇంటి నీరు పోసి, ఒంటి సబ్బు నుంచి చిటికెడు తురుము వేసి, కాసేపు గట్టిగా గిలకొట్టండి. పైన దట్టమైన నురగ నిలిచి, కింద నీరు తేటగా ఉంటే అది మెత్తని నీరు. నురగ సరిగా రాక, నీరు పాలవలె తెల్లబడి, పైన మడ్డి తేలితే అది కఠిన జలం. ఈ పరీక్షకు బట్టల సబ్బుపొడి వాడకూడదు. ఆ పొడి ఎలాంటి నీటిలోనైనా ఎంతో కొంత నురగనిస్తుంది కాబట్టి తేడా తెలియదు. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిదనీ, మరో ఆధారం లేని చోట 600 వరకు అనుమతించవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. బోరు నీటి మీదే ఆధారపడిన ఇళ్లలో వేన్నీళ్ల గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే మీ నీటి సంగతి వేరే చెప్పనక్కరలేదు. కల్యాణి డ్యాము నీరో తెలుగు గంగ నీరో కుళాయిలో వచ్చే తిరుపతి వీధుల్లో ఉంటే, ఆ నీటిని రెండు బకెట్లు పట్టి ఉంచుకుని నానబెట్టడానికి, చివరి జాడింపుకు వాడుకోండి. చెరువు, డ్యాము నీరు సాధారణంగా బోరు నీటికంటే మెత్తగా ఉంటుంది.

బోరు నీరు తప్ప దిక్కు లేనివారు బట్టల సోడాను ఆశ్రయించాలి. కిరాణా కొట్టులో చాకలి సోడా, బట్టల సోడా అని అడిగితే ఇస్తారు. ఇది తినే సోడా కాదు. తినే సోడా క్షారగుణం చాలా తక్కువ, జిడ్డు మీద దాని ప్రతాపం పెద్దగా సాగదు. 10 లీటర్ల నీటికి రెండు పెద్ద చెంచాల బట్టల సోడా వేసి కలిపి, పది నిమిషాలు ఆగి, ఆ తరువాతే సబ్బుపొడి వేయాలి. సోడా ముందుగా నీటిలోని కాల్షియాన్ని పట్టి విడదీస్తుంది, అప్పుడు సబ్బు తన శక్తినంతా మురికి మీద ఉపయోగించగలుగుతుంది. రెండింటినీ ఒకేసారి కుమ్మరించేవారు సోడా ఖర్చు పెట్టి దాని ఫలితాన్ని సగం పోగొట్టుకుంటున్నారు. సోడా నీరు చేతులను మండిస్తుంది కాబట్టి రబ్బరు తొడుగులు వేసుకోవడం మంచిది.

ఇందులో కొత్త విద్య ఏదీ లేదు. వెనుకటి రోజుల్లో చాకిరేవుల్లో చవుడు కలిపిన నీటిలో బట్టలను తడిపి, ఉబ్బకు వేసి ఆవిరి పట్టించేవారు. చవుటి నేలల మీద పేరుకునే ఆ మన్నులో పనిచేసేది సోడా క్షారమే. క్షారం, వేడి, సమయం అనే మూడూ కలిస్తే జిడ్డు కరుగుతుందని రేవులో పనిచేసినవారు రసాయన శాస్త్రం చదవకుండానే ఎరుగుదురు. మనం చల్లటి నీటిలో రంగురంగుల పొడి వేసి, ఆ మూడింటిలో రెండింటిని వదిలేస్తున్నాము.

ఏవి నానబెట్టవచ్చు, ఏవి కూడదు

తెల్ల నూలు బట్టలు, రంగు నూలు బట్టలు, పాలిస్టరు బట్టలు అని మూడు కుప్పలుగా విడదీయండి. పట్టు, ఉన్ని బట్టలను ఈ కుప్పల దరిదాపులకు రానీయకండి. ఆ రెండూ మాంసకృత్తులతో తయారైన పోగులు. మాంసకృత్తులను కరిగించే ఎంజైములున్న సబ్బుపొడీ, సోడా క్షారమూ ఆ పోగులనే తినేస్తాయి. జరీ అంచున్న వెంకటగిరి చీరలను, సహజ రంగులతో చిత్రించిన శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలను కూడా నానబెట్టకూడదు. వీటికి చెమట పట్టినప్పుడు గాలికి ఆరనిచ్చి, అవసరమైతే వడగట్టిన కుంకుడుకాయ రసం కలిపిన చల్లటి నీటిలో రెండు మూడు నిమిషాలు ముంచి తీస్తే చాలు. చీర ఖరీదైనదైతే అదీ చేయక డ్రైక్లీనింగుకు ఇవ్వండి.

కొత్త రంగు బట్ట అయితే లోపలి కుట్టు దగ్గర కాస్త తడిపి, తెల్ల గుడ్డతో గట్టిగా ఒత్తి చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ బట్టను వేడి నీటిలో, ఇతర బట్టలతో కలిపి వేయకండి.

నానబెట్టే విధానం

మొదట బట్టలను తిరగదీయండి. చెమట పట్టేది లోపలి వైపున గదా, పైవైపు ఎంత రుద్దినా ప్రయోజనం తక్కువే. తిరగదీసిన బట్టలను ఏ సబ్బూ వేయని చల్లటి నీటిలో పది, పదిహేను నిమిషాలు ఉంచి, పిండి, ఆ నీటిని పారబోయండి. ఈ మొదటి ముంపుతోనే ఉప్పు, ధూళి చాలావరకు పోతాయి. ఇక్కడ వేడి నీరు వాడకూడదు. కడగని మాంసకృత్తుల మురికి మీద ఒక్కసారిగా మరిగే నీరు పడితే అది పోగులకు బిగుసుకుపోతుంది.

తరువాత చంకలు, కాలరు, ప్యాంటు నడుము పట్టీ వంటి చోట్ల ద్రవరూపంలో ఉన్న బట్టల సబ్బును గాని, పొడిని కొద్ది నీటితో ముద్దగా చేసి గాని పూసి, పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా రుద్ది, పావుగంట అలాగే ఉంచండి. ఇనుప పీచు వంటి బ్రష్షులతో గట్టిగా తోమితే పాలిస్టరు మీద పోగులు లేచి ఉండలు కడతాయి, వాటిలో మురికి మరింత చేరుతుంది.

ఇప్పుడు అసలు నానబెట్టే నీరు తయారుచేసుకోవాలి. రంగు బట్టలకూ పాలిస్టరుకూ 40 నుంచి 45 డిగ్రీల వేడి చాలు. తెల్ల నూలుకు 60 డిగ్రీల వరకు పోవచ్చు. ఉష్ణమాపకం అక్కరలేదు. మరిగే నీరు ఒక చెంబుకు కుళాయి నీరు మూడు చెంబుల చొప్పున కలిపితే సుమారు 45 డిగ్రీలు వస్తుంది. రెండూ సమానంగా కలిపితే 60కి దగ్గరగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మేడమీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీరు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటే, పొయ్యి వెలిగించవలసిన పనే ఉండదు. ఎండను తిట్టుకునే బదులు ఆ నీటిని బకెట్లకు పట్టుకోవడం తెలివైన పని.

కంపు కొత్తదైతే, అంటే ఒకటి రెండు వారాల నుంచి మాత్రమే తెలుస్తుంటే, ఎంజైములున్న మంచి సబ్బుపొడిని అట్టపెట్టె మీద రాసిన కొలత మేరకు వేసి, గంట నుంచి రెండు గంటలు నానబెడితే సరిపోతుంది. ఎంజైములు గోరువెచ్చటి నీటిలో చక్కగా పనిచేస్తాయి, మరీ కాగిన నీటిలో చెడిపోతాయి.

నెలల తరబడి పేరుకున్న కంపుకు ఆక్సిజన్ బ్లీచి కావాలి. సోడియం పెర్‌కార్బొనేట్ అనే ఈ తెల్ల పొడి నీటిలో కలిసినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడుగానూ బట్టల సోడాగానూ విడిపోతుంది. ఒకటి వాసన పదార్థాలనూ రంగు మరకనూ ఛేదిస్తుంది, రెండోది జిడ్డును కరిగిస్తుంది. మరకలు తీసే పొడి పేరుతో దుకాణాల్లో అమ్మే వాటిలో చాలావాటికి ఇదే ప్రధాన ద్రవ్యం. కొనేముందు ప్యాకెట్టు వెనుక పేరు చూసుకోండి. 10 లీటర్ల నీటికి 50, 60 గ్రాములు తీసుకుని, ముందుగా ఒక మగ్గు వేడి నీటిలో పూర్తిగా కరిగించి, ఆపైన బకెట్టులో కలపండి. కరగని పొడి బట్ట మీద పడితే అక్కడ రంగు వెలిసి మచ్చ నిలుస్తుంది. బకెట్టు ప్లాస్టిక్కుదే అయి ఉండాలి, ఇనుము తగిలితే పొడి శక్తి వృథాగా పోతుంది. మూత బిగించకూడదు, ఎందుకంటే లోపల వాయువు పుడుతూనే ఉంటుంది. 10 లీటర్లలో నాలుగు చొక్కాలకు మించి వేయకండి. బట్టలు నీటిలో తేలియాడుతూ కదలాలి. ఊరగాయ జాడీలో ముక్కల్లాగ ఒత్తి కూరితే మధ్యలో ఉన్నవాటికి నీరే అందదు. పైకి తేలకుండా ఒక ప్లాస్టిక్కు పళ్లెం బోర్లించి, అరగంటకొకసారి కలియబెట్టండి.

రంగు బట్టలకు రెండు గంటలు, పాలిస్టరుకు మూడు నాలుగు గంటలు, తెల్ల నూలుకు ఆరు గంటల వరకు గడువు. నీరు టీ డికాక్షను రంగుకు తిరిగిందంటే జిడ్డు దిగుతున్నట్టే. అంత దిగినప్పుడు అదే నీటిలో కొనసాగించకుండా, పారబోసి, కొత్త నీటిలో సగం పొడితో ఇంకో గంట ఉంచడం మేలు. రాత్రి నానవేసి పొద్దున ఉతకడం మన ఇళ్లలో పాత అలవాటు. ఈ పనికి మాత్రం అది పనికిరాదన్నది నా అభిప్రాయం. కొన్ని గంటలకు నీరు చల్లబడి, పొడి శక్తి తీరిపోయాక, మురికితో నిండిన ఆ గోరువెచ్చటి నీరు బ్యాక్టీరియాకు విందు భోజనమవుతుంది. వేసవి రాత్రి నానిన బకెట్టు తెల్లవారేసరికి వేసే పులిసిన కంపే అందుకు సాక్ష్యం.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. పెళ్లిలోనో వ్రతంలోనో పసుపు అంటిన పంచెను సోడా నీటిలో వేస్తే ఆ మరక ఎర్రగా మారుతుంది. బట్ట పాడైందని కంగారు పడనవసరం లేదు. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు తిరుగుతుంది, ఎండలో వెలిసిపోతుంది.

చంకల్లో పసుపుపచ్చని మరకలు

చెమట ఆపే మందులు పూసుకునేవారి తెల్ల చొక్కాలకు చంకల్లో గట్టిపడిన పచ్చని మరకలు పడతాయి. ఆ మందుల్లోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి ఇలా చేస్తాయి. వీటికి క్షారం కంటే ముందు ఆమ్లం కావాలి. ఒక లీటరు గోరువెచ్చటి నీటిలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కరిగించి, మరక ఉన్న భాగాన్ని మాత్రమే అందులో అరగంట ముంచి, శుభ్రంగా జాడించి, ఆ తరువాతే పైన చెప్పిన ఆక్సిజన్ బ్లీచి నీటిలో వేయండి. నిమ్మ ఉప్పునూ సోడానూ ఒకే బకెట్టులో కలిపేవారు ఉన్నారు. బుసబుసమని పొంగడం చూసి మురికి పోతున్నదని సంబరపడతారు గాని, అక్కడ జరిగేది ఒకదాని బలాన్ని మరొకటి చంపుకోవడమే. వంట సోడా, వెనిగరు జతకూడా అంతే.

క్లోరిన్ బ్లీచి జోలికి అసలు వెళ్లవద్దు. చెమట మరకల మీద అది పడితే పచ్చదనం తగ్గకపోగా పెరుగుతుంది, సాగే పోగులున్న బట్ట త్వరగా చివికిపోతుంది. దానిని నిమ్మ ఉప్పుతోనో వెనిగరుతోనో కలిపితే విషవాయువు వెలువడుతుంది. స్నానాల గదిలో తలుపు వేసుకుని చేసే పొరపాటు ప్రాణం మీదికి తేగలదు.

ఉతకడం, జాడించడం, ఆరవేయడం

నానిన బట్టలను ఎప్పటిలాగే చేత్తో గాని యంత్రంలో గాని ఉతకండి. బండ మీద బాదవలసిన అవసరం ఉండదు. శ్రద్ధ పెట్టవలసింది జాడించడం మీద. కనీసం మూడు నీళ్లు మార్చండి. మూడో నీటిలో చెయ్యి తిప్పినప్పుడు జారుడు తగులుతున్నా, నురగ తేలుతున్నా నాలుగో నీరు తప్పదు. బోరు నీరు వాడేవారు చివరి నీటిలో, 10 లీటర్లకు ఒక చిన్న చెంచా చొప్పున, నిమ్మ ఉప్పు కలిపి ఐదు నిమిషాలు ఉంచి తీస్తే మిగిలిన క్షారం విరిగిపోయి, సున్నపు పొర కొంత కరిగి, తువాళ్లు కూడా బిరుసెక్కకుండా ఉంటాయి. బట్టను మెత్తబరిచే సువాసన ద్రవాలను వ్యాయామం బట్టలకూ తువాళ్లకూ వాడకండి. అవి పోగుల మీద జిడ్డు వంటి పూత పూస్తాయి, మనం ఇంతసేపు శ్రమపడి తీసింది అలాంటి పూతనే.

తెల్లబట్టలను నేరుగా ఎండలో, రంగువాటిని తిరగదీసి నీడ పట్టున గాలి ఆడే చోట ఆరవేయండి. చంకలు ఒకదానికొకటి అంటుకోకుండా చొక్కాను హ్యాంగరుకు తగిలించడం మంచిది. ఆరిన తరువాత చంక భాగం మీద నాలుగు నీటి చుక్కలు చల్లి వెచ్చటి ఇస్త్రీ పెట్టె ఆనించి వాసన చూడండి. కంపు లేవకపోతే పని పూర్తయినట్టు. కొద్దిగా లేస్తే ఇంకొకసారి మొదటినుంచి చేయవచ్చు. రెండుసార్లు చేసినా వదలని పాలిస్టరు టీషర్టును బండి తుడుచుకునే గుడ్డగా మార్చడమే ఉత్తమం, దాని మీద ఇంకా పొడి ఖర్చు చేయడం దండగ.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టినప్పుడు మన ప్రాంతంలో వేరే చిక్కు వస్తుంది. ఉతుకు బాగానే ఉన్నా రెండు రోజులు ఆరని బట్ట ముక్కిపోయిన వాసన వేస్తుంది. ఈ వాసనకు ప్రధాన కారణం మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా అని జపాన్ పరిశోధకులు 2012లో గుర్తించారు. తడి ఎక్కువసేపు నిలిస్తే అది పెరుగుతుంది కాబట్టి, ఆ రోజుల్లో ఎక్కువ బట్టలు ఒకేసారి ఉతకకండి. బాగా పిండిన బట్టను పొడి తువాలులో చుట్టి మరోసారి మెలిపెట్టి, ఫ్యాను కింద విడివిడిగా వేసి, దాదాపు ఆరిన దశలో ఇస్త్రీ చేయండి. అప్పటికే ముక్కిన వాసన పట్టిన తువాళ్లకు పైన చెప్పిన ఆక్సిజన్ బ్లీచి నీరే, 60 డిగ్రీల దగ్గర, రెండు గంటలు చాలు. ముందువైపు తలుపున్న యంత్రం వాడేవారు తలుపు రబ్బరు మడతలో వేలు పెట్టి చూడండి. నల్లటి జిగురు తగిలితే బట్టల కంటే ముందు యంత్రాన్ని కడగాలి.

విప్పిన బట్టలను ఎక్కడ పడేస్తున్నారన్నది కూడా ముఖ్యమే. తడి చొక్కాను బుట్టలో అడుగున వేసి పైన మరో పది బట్టలు వేస్తే, ఆదివారం నాటికి ఆ బుట్టే కంపుకు కార్ఖానా అవుతుంది. హాస్టలు గదుల్లో వారానికొకసారి ఉతుక్కునే విద్యార్థులు, విప్పిన చొక్కాను తలుపు వెనుక మేకుకు తగిలించి తడి ఆరాకే బుట్టలో వేసినా సగం ఇబ్బంది తీరుతుంది.

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరిన వారి బట్టలకు ఇది మరింత వర్తిస్తుంది. చెమటతో తడిసిన పంచెనూ చొక్కానూ ప్లాస్టిక్కు సంచిలో కట్టి, దర్శనం ముగించుకుని, బస్సులోనో రైల్లోనో ఇంటికి చేరేసరికి ఒకటిన్నర రోజు గడిచిపోతుంది. గదిలో స్నానం చేసేటప్పుడే వాటిని ఏ సబ్బూ లేకుండా రెండు నీళ్లలో జాడించి, పిండి, కిటికీకి ఆరవేయండి. బయలుదేరే వేళకు ఇంకా తడిగా ఉంటే పాత వార్తాపత్రికల్లో చుట్టి గుడ్డ సంచిలో వేసుకుని, ఇల్లు చేరగానే మిగతా సామాను సర్దడానికి ముందే వాటిని చల్లటి నీటిలో వేయండి.